సిల్క్‌సాంగ్ వంద శాతం అయ్యింది, సంబరం మాత్రం సగమే

సూదిమొన
హాలో నైట్ అనే వీడియో గేమ్‌కి సీక్వెల్ ఈ సిల్క్‌సాంగ్. నా సేవ్ ఫైల్ మీద 100% పడింది. ఆఖరి బాస్ లాస్ట్ లేస్ కూలింది, ఆఖరి ముగింపు చూడటం అయ్యింది. మనం ఆడే పాత్ర హార్నెట్ కదలిక గురించి వంక పెట్టడానికేం లేదు. పరుగు, గోడ పట్టు, క్లాలైన్ (విసిరి లాక్కునే దారం), గాల్లో ఉండగానే బైండ్ (సిల్క్ అనే శక్తి ఖర్చుపెట్టి ప్రాణం నింపుకోవడం), ఒకదాంట్లోంచి ఒకటి జారినట్టు వస్తాయి. అయినా నోట్లో ఏదో చేదు. మూడు గొడవలున్నాయి.

ఒకటి, ఆఖరి నాలుగైదు శాతం ఏ బాస్‌ని కొట్టినందుకూ రాలేదు. మూలన మిగిలిపోయిన స్పూల్ (సిల్క్ దాచే కండె) ముక్క, మర్చిపోయిన టూల్ (వెంట పెట్టుకునే పరికరం), ఫ్లీ అనే చిన్న పురుగుల ఆటలు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది.

రెండు, డబుల్ డ్యామేజ్. 5 మాస్క్‌లతో (ప్రాణాన్ని కొలిచే గడులు) మొదలు. రెండేసి పోతుంటే మూడో దెబ్బకి చావు. నాలుగు ముక్కలు వెతుక్కుని ఆరో మాస్క్ తెచ్చుకుంటే? అప్పుడూ మూడో దెబ్బకే చావు. ఏడోది వస్తేగానీ నాలుగో దెబ్బ దాకా బతకం. అంటే 8 ముక్కలు.

మూడు, అంతా అయ్యాక నచ్చిన బాస్‌తో మళ్లీ తలపడే చోటే లేదు. మొదటి ఆటకి అలాంటి చోటు, గాడ్‌హోమ్, ఉంది కదా.

తప్పు ఆటదా, వంద అనే అంకె వెంట పడిన మనదా?

జాయ్‌స్టిక్_జగ్గు
మనదే. తర్వాతి ప్రశ్న.

లెక్కలమాస్టారు
జగ్గు తేల్చేసినంత తేలిక కాదు. ముందు ఆ వంద ఎక్కడెక్కడి నుంచి వస్తుందో చూడండి. టూల్స్ 51. మాస్క్‌లు 5, స్పూల్ 9, హార్నెట్ ఆయుధమైన సూదికి పదును 4, టూల్ పౌచ్‌లు 4, క్రాఫ్టింగ్ కిట్లు 4, సిల్క్ హార్ట్‌లు 3, సిల్క్ స్కిల్స్ 6, మొదట ఉన్న హంటర్ కాక మిగతా క్రెస్ట్‌లు (పోరాట శైలులు) 6, సామర్థ్యాలు 6, ఎవర్‌బ్లూమ్ 1, సిల్ఫ్‌సాంగ్ 1. కూడితే సరిగ్గా వంద.

ఇందులో బాస్ అనే వరసే లేదు. హాలో నైట్‌లో కొందరు బాస్‌లకి తలా ఒక శాతం ఉండేది. ఇక్కడ సగానికి పైగా టూల్సే. కాబట్టి ఇది నువ్వెంత బాగా ఆడావో కొలిచే మీటర్ కాదు, సంచీలో ఏమేం పడ్డాయో చెప్పే చిట్టా. చిట్టా దగ్గర చప్పట్లు ఆశిస్తే వెలితిగానే ఉంటుంది.

నీలిబెంచి
బాస్‌లు నేరుగా లేరన్నది నిజమే, చాటుగా ఉన్నారు. శావేజ్ బీస్ట్‌ఫ్లైని కొట్టకపోతే బీస్ట్ క్రెస్ట్ రాదు, ఒక శాతం పోయినట్టే. మూడో అంకంలో హృదయాల కోసం వెళ్తే కార్మెలిటా, ఖాన్ లాంటివాళ్లు కాచుకుని ఉంటారు. నాలుగింటిలో మూడు తెస్తేనే రెడ్ మెమరీ అనే ఘట్టం, అది దాటితేనే ఎవర్‌బ్లూమ్.

లెక్కలమాస్టారు
అదీ కరెక్టే. కానీ మొదటి అంకం చివర అందరూ ఏడ్చే లాస్ట్ జడ్జ్‌కి సున్నా శాతం. పైగా అతను తప్పనిసరి కూడా కాదు. సిన్నర్స్ రోడ్ మీదుగా మిస్ట్ దాటి ఫాంటమ్‌ని గెలిస్తే సిటడెల్‌లోకి ఇంకో దారిన పోవచ్చు.

పట్టుపురుగు77
ఇంకో దారి ఉందా?? బ్లాస్టెడ్ స్టెప్స్ మీద అన్నిసార్లు పరుగెత్తాక ఇప్పుడు చెప్తారా

జాయ్‌స్టిక్_జగ్గు
అతను చచ్చాక పేలతాడన్న సంగతైనా తెలుసా? గెలిచామని కంట్రోలర్ కింద పెట్టకూడదు. పడ్డాక దూరం జరగాలి.

పట్టుపురుగు77
అది తెలుసు. బాగా తెలుసు.

మూడుదెబ్బలు
డబుల్ డ్యామేజ్ మీద నా లెక్క వేరు. హాలో నైట్‌లో ఒక వేటుకి 11 సోల్ (అక్కడ సిల్క్ లాంటిది) వచ్చేది, ఒక మాస్క్ నయం కావడానికి 33 కావాలి. అంటే మూడు వేట్లకి ఒక మాస్క్. ఇక్కడ వేటుకి ఒక సిల్క్, బైండ్‌కి 9, బైండ్ ఇచ్చేది 3 మాస్క్‌లు. అదీ మూడు వేట్లకి ఒక మాస్కే! ధర మారలేదు. మారింది తప్పు ఖరీదు. అక్కడ ఒక తప్పు తీర్చుకోవడానికి 3 వేట్లు, ఇక్కడ 6.

ఇంకోటి, అక్కడ చిల్లరగా కొనుక్కోవచ్చు, ఇక్కడ మూట మొత్తం కొనాలి. 8 సిల్క్ ఉన్నా ఒక్క మాస్క్ కూడా రాదు. పైగా సిల్క్‌స్పియర్ ఒకసారి విసిరితే 4 పోతాయి. అందుకే చాలామంది సిల్క్ స్కిల్స్ వాడకుండానే ఆట అంతా లాగించేస్తారు, తర్వాత దాడి బలం చాలట్లేదని తిడతారు.

సూదిమొన
ఈ మూడు వేట్ల లెక్క ఎప్పుడూ తట్టలేదు. బాగుంది. కానీ వృథా సంగతి? 5 మాస్క్‌లున్నప్పుడు ఒక దెబ్బ తగిలితే మిగిలేది 3. అక్కడ బైండ్ వేస్తే రెండే ఎక్కుతాయి, ఒకటి గాల్లో కలిసిపోతుంది.

మూడుదెబ్బలు
అందుకే మొదటి దెబ్బకి బైండ్ వేయకూడదు. రెండో దెబ్బ తిని ఒక్క మాస్క్ మీద ఉన్నప్పుడు వేస్తే మూడూ ఎక్కి 4 అవుతాయి. మళ్లీ ఒక దెబ్బ తట్టుకోవచ్చు, రెండోదానికి చావు. గుండె దడదడలాడినా లాభం అక్కడే. అయితే బైండ్ మధ్యలో దెబ్బ పడితే సిల్క్ మొత్తం గోవిందా. ఆ భయం ఉన్నవాళ్లు వార్డింగ్ బెల్ పెట్టుకుంటే బైండ్ వేసేటప్పుడు కాపు కాస్తుంది. ఇంజెక్టర్ బ్యాండ్ అయితే బైండ్‌నే తొందరగా ముగిస్తుంది. మల్టీబైండర్ రెండు విడతల్లో రెండేసి, మొత్తం 4 ఇస్తుంది, కానీ నెమ్మది. వేగంగా మీదపడే బాస్ దగ్గర అది పెట్టుకోవడం అంటే ఉరితాడు సొంతంగా పేనుకోవడమే.

రాత్రిగూడు
గాల్లో బైండ్ వేస్తే ఆ కాసేపు హార్నెట్ అక్కడే నిలిచిపోతుంది. చాలా బాస్‌ల నేల దాడులు కింద నుంచి పోతాయి. ఇది అర్థమయ్యాక డబుల్ డ్యామేజ్ గొడవ సగం తీరిపోతుంది.

చిరాకుచంద్రం
ఎవరేం చెప్పినా బైల్‌వాటర్ అనే ప్రాంతాన్ని సమర్థించడం కుదరదు. కష్టం వేరు, చిరాకు వేరు. అక్కడి బాస్ గ్రోల్‌కి ముందు శత్రువుల అలలు, అతని దాకా పురుగుల నీళ్లు, ఓడితే మళ్లీ అదే దారి.

నీలిబెంచి
దారిలో గోడ వెనక దాచిన బెంచ్ (చచ్చాక మళ్లీ లేచే చోటు) ఒకటుంది చంద్రం గారూ. అది దొరక్కపోతే పరుగు మూడింతలు. అనుమానంగా కనిపించే గోడలన్నీ కొట్టి చూడాలి.

పురుగుల సంగతి: ఆ నీళ్లలో పడితే బైండ్ పురుగుల్ని రాల్చడానికే సరిపోతుంది, మాస్క్‌లు రావు. మామూలు నీళ్లలో మునిగినా పోతాయి, ఫ్లీ బ్రూ తాగినా పోతాయి. ముందే ప్యూట్రిఫైడ్ డక్ట్స్‌కి వెళ్లి రీత్ ఆఫ్ ప్యూరిటీ తెచ్చుకుంటే ఆ బాధే ఉండదు. బైల్‌వాటర్‌ని ముందు ఆడి, ఆ టూల్‌ని తర్వాత తీసుకున్నవాళ్లే ఎక్కువ తిడతారు. వరస తప్పింది, అంతే.

చిరాకుచంద్రం
వరస తప్పుతుందని తెలిసీ ఆ వరసలో కనిపించేలా పెట్టారు చూడండి, నేను తిట్టేది దాన్ని.

నీలిబెంచి
అది ఒప్పుకుంటా.

సూదిమొన
షార్డ్‌ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎర్ర టూల్స్ (వాడితే తరిగిపోయే ఆయుధాలు) ఖర్చయితే బెంచ్ దగ్గర ఆట షార్డ్‌లు తీసుకుని నింపుతుంది. ఒక బాస్ దగ్గర పదిహేనుసార్లు ఓడితే చేతిలో షార్డ్ మిగలదు. అంటే ఎవడికి సాయం కావాలో వాడికే సాయం ఆగిపోతుంది. నేర్పున్నవాడికి నిండుగా ఉంటాయి, ఎందుకంటే వాడికి అవసరమే రాదు.

కాగ్‌ఫ్లై_కంపెనీ
ఇది నిజమైన లోపమే, మందు మాత్రం ఉంది. కొత్త బాస్ దగ్గర మొదటి ఏడెనిమిది ప్రయత్నాలు టూల్ ముట్టుకోకూడదు. సూదితోనే ఆడి దాడుల వరస చూసుకోవాలి. ఆఖరి దశ దాకా రెండుసార్లు వరసగా చేరాక అప్పుడు తీయాలి కాగ్‌ఫ్లైలు. అవి వాటంతటవే వెతుక్కుంటూ వెళ్లి కొడతాయి, మన చేతులు తప్పించుకునే పనిలో ఉండొచ్చు. అరేనా నేల మీద తిరిగే శత్రువులకి ట్యాక్స్ చల్లి పెట్టాలి. గెలిచే ప్రయత్నంలోనే ఖర్చు పెట్టాలి, నేర్చుకునే ప్రయత్నంలో కాదు.

ఆర్కిటెక్ట్ క్రెస్ట్ ఉంటే సిల్క్ పెట్టి అక్కడికక్కడే టూల్స్ నింపుకోవచ్చు. అప్పుడు ఆట రంగే మారిపోతుంది.

లెక్కలమాస్టారు
ఆటలో డబ్బులాంటి రోసరీలదీ అదే తీరు. బెంచ్‌కి డబ్బు, మ్యాప్‌కి డబ్బు. విడుదలయ్యాక వచ్చిన మొదటి ప్యాచ్‌లో బెల్ బెంచ్‌ల ధర కొంత తగ్గించారు, సరుకు చేరవేసే పనులకి కూలి పెంచారు, మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్‌లని కాస్త మెత్తబరిచారు. అంటే తయారుచేసినవాళ్లకే మొదటి అంకం బిగువుగా అనిపించిందన్నమాట. చచ్చే ప్రమాదం ఉన్నచోటికి వెళ్లేముందు రోసరీలని దండగా గుచ్చి పెట్టుకోవాలి. కొంత నష్టమే గానీ దండ చావుతో పోదు.

పట్టుపురుగు77
సూదికి ఆఖరి పదును ఎక్కడ? పదును పెట్టే ప్లిన్నీ నూనె కావాలంటాడు, ఎక్కడా దొరకట్లేదు.

రాత్రిగూడు
మొదటి పదునుకి నూనె అక్కర్లేదు. తర్వాతి మూడింటికీ తలా ఒక పేల్ ఆయిల్. ఒకటి విస్పరింగ్ వాల్ట్స్‌లో. ఒకటి గ్రేట్ టేస్ట్ ఆఫ్ ఫార్లూమ్ అనే విష్ (ఒకరు అడిగే పని) పూర్తి చేస్తే. మూడోది ఫ్లీల పండగలో మూడు ఆటల్లోనూ రికార్డు దాటితే.

జాయ్‌స్టిక్_జగ్గు
సూది కోసం సోదికెళ్తే అని మనవాళ్లు ఊరికే అనలేదు. సూదికి నూనె కోసం తిండిపోతుకి మాంసం మోయాలి, ఫ్లీలతో బంతులాడాలి.

రాత్రిగూడు
నవ్వొచ్చింది గానీ ఆ మాంసం మోత తేలిక కాదు. కొరియర్స్ రాషర్ అనే ఆ మాంసానికి గడువు ఉంటుంది. ముందు ఖాళీ చేతులతో దారంతా రెండుసార్లు పరుగెత్తి చూసుకోవాలి. తలుపులు, షార్ట్‌కట్‌లు అన్నీ తెరిచి పెట్టుకోవాలి. దారిలో ఎవరితోనూ తలపడకూడదు.

సూదిమొన
నా మొదటి గొడవకి ఇదే సాక్ష్యం. సూది దెబ్బ 5తో మొదలై 9, 13, 17, ఆఖరికి 21 అవుతుంది. 420 ప్రాణం ఉన్న శత్రువు అనుకోండి. మొదటి సూదితో 84 వేట్లు, ఆఖరి సూదితో 20. అంత తేడా తెచ్చే వస్తువు చేతికొచ్చేసరికి కొట్టడానికి ఎవరు మిగిలారు? మూడో అంకంలో ఫ్లీల పండగ అయ్యాక వస్తుంది. లాస్ట్ లేస్ ఒక్కతే ఉంది అప్పటికి.

మూడుదెబ్బలు
అది నువ్వు ఆ పండగని ఆఖరికి వదిలేశావు కాబట్టి. మూడో అంకం తెరుచుకోగానే ముందు పండగ జరిగే ఫ్లీటోపియాకి వెళ్తే హృదయాల బాస్‌లందరి మీదా 21 పనిచేస్తుంది.

సూదిమొన
హ్మ్. అది ఒప్పుకోక తప్పదు.

పట్టుపురుగు77
ఫ్లీ ఆటలకి చిట్కా ఏమైనా? గెంతే ఆటలో ఓడిపోతూనే ఉన్నా.

రాత్రిగూడు
హంటర్ క్రెస్ట్‌తో ఆడుతున్నావా? దాని కింది దాడి ఏటవాలుగా పోతుంది, అందుకే లెక్క తప్పుతుంది. వాండరర్ పెట్టుకో. దాని కింది వేటు నిట్టనిలువు, మొదటి ఆటలోలాగే. ఎగరేసే ఆటకి వెడల్పు వేటున్న రీపర్ సుఖం. తప్పించుకునే ఆటకి క్రెస్ట్‌తో పనిలేదు. మధ్యలో చిన్నచిన్న అడుగులు వేస్తూ ఉండాలి, పొడుగు డాష్ కొడితే ఎదురుగా వచ్చేదాంట్లోకే దూరతావు.

పచ్చచుక్క242
వెలితి ఈ ఒక్క సీక్వెల్‌దే కాదు. 2010లో సూపర్ మారియో గెలాక్సీ 2 వచ్చింది. 120 చుక్కలు తెచ్చి అయిపోయిందనుకుంటే అవే లోకాల్లో ఇంకో 120 పచ్చ చుక్కలు పుట్టుకొస్తాయి. గాల్లో, అంచు అవతల, కెమెరాకి అందని చోట. 240 అయ్యాక గ్రాండ్‌మాస్టర్ గెలాక్సీ. అందులో ఒకటి. ఆఖరిది, 242వది, తెరుచుకోవాలంటే బ్యాంకర్ టోడ్ దగ్గర 9,999 స్టార్ బిట్స్ దాచాలి. తర్వాత అదే దారి ఒక్క దెబ్బ కూడా తగలకుండా.

పచ్చ చుక్కలు సాగదీత, ఒప్పుకుంటా. కానీ ముగింపు చూడండి, ఆటలోకెల్లా కష్టమైనది ఆఖరున ఉంది. ఆ వరస ఉంటే ముందు పడ్డ విసుగంతా మర్చిపోతాం. సిల్క్‌సాంగ్ చిట్టాలో ఏది ఆఖరున మిగులుతుందో మన అదృష్టం. కొందరికి అది స్పూల్ ముక్క.

లెక్కలమాస్టారు
ఇది ఈ చర్చలో వచ్చిన వాటిలో పనికొచ్చే మాట. అయితే మొదటి హాలో నైట్ కూడా అంతే కదా. 112% వరకూ ఉంది, కానీ పాత్ ఆఫ్ పెయిన్ అనే గెంతుల పరీక్షకి అందులో వాటా లేదు. 42 బాస్‌లని వరసగా కొట్టాల్సిన పాంథియన్ ఆఫ్ హాలోనెస్ట్‌కీ లేదు. నిజమైన కష్టాన్ని అంకె బయట పెట్టడం వీళ్ల అలవాటు.

చిరాకుచంద్రం
బయట పెట్టినా అక్కడ ఉంది. ఇక్కడ విడుదలైన ఆటలో బయట ఏముంది?

లెక్కలమాస్టారు
హంటర్స్ జర్నల్ (శత్రువుల చిట్టా) నింపడం. స్టీల్ సోల్ (ఒక్కసారి చస్తే సేవ్ పోయే పద్ధతి). 5 గంటల్లోపు పూర్తిచేయడం. 30 గంటల్లోపు 100%.

చిరాకుచంద్రం
అవన్నీ ఉన్న ఆటనే మళ్లీ ఆడటం. కొత్త గది కాదు.

బూడిదకుండ
డార్క్ సోల్స్ 2 గుర్తుందా ఎవరికైనా? 2014. అందులో పూర్తి చేయడం అంటే మంత్రాలన్నీ పోగేయడం. కొన్ని మంత్రాలు ఆట ముగించి రెండోసారి ఆడేటప్పుడే అమ్ముతారు. కానీ అది బాస్‌ని తిరిగి తెచ్చుకునే దారి ఇచ్చింది. బాన్‌ఫైర్‌లో (విశ్రాంతి తీసుకునే మంట) అసెటిక్ అనే వస్తువు ఒకటి కాలిస్తే ఆ ప్రాంతం ఒక మెట్టు కష్టమై మళ్లీ మొదలవుతుంది, బాస్ తిరిగి లేస్తాడు. నచ్చిన బాస్‌ని ఎన్నిసార్లయినా. వెనక్కి తగ్గించడం మాత్రం కుదరదు. సూదిమొన మూడో గొడవకి అలాంటిది ఒక్కటి పెట్టి ఉంటే చాలేది.

దాని లోపాలూ తక్కువేం కాదు. చచ్చిన కొద్దీ గరిష్ఠ ప్రాణం సగానికి పడిపోతుంది, రింగ్ ఆఫ్ బైండింగ్ పెట్టుకుంటే ముప్పాతిక దగ్గర ఆగుతుంది. పల్టీలో దెబ్బ తగలని క్షణాలు ఎన్నో అడాప్టబిలిటీ అనే అంకె చూసుకుంటుంది, అది పెంచాలని ఆట సరిగ్గా చెప్పదు. దాంతో అందరూ హిట్‌బాక్స్‌లని తిట్టారు.

మూడుదెబ్బలు
చూశారా, అక్కడా అదే. సీక్వెల్‌లో మొదటి ఆట చేతి అలవాటుతో దిగితే దెబ్బ. సిల్క్‌సాంగ్‌ని తిట్టేవాళ్లలో చాలామంది మొదటి ఆట హీరో నైట్‌లాగా నిట్టనిలువు పోగో (కిందికి కొట్టి పైకెగరడం) కోసం వెతుకుతూ ఏటవాలు దాడితో ముళ్లలో పడ్డవాళ్లే.

చిరాకుచంద్రం
అందరినీ ఒకే గాటన కట్టకు. పోగో నేర్చుకున్నాకే తిడుతున్నా.

పట్టుపురుగు77
నాకు 98% దగ్గర ఆగిపోయింది. మ్యాప్ అంతా తిరిగా. ఏం మర్చిపోయానో ఎలా తెలుసుకోవాలి?

లెక్కలమాస్టారు
ఈ వరసలో చూడు. ఇన్వెంటరీలో మాస్క్ ముక్కలు సగంలో ఉన్నాయా? నాలుగుకి ఒకటి లెక్క, మూడున్నా సున్నాయే. మొత్తం 20 ముక్కలు. స్పూల్‌కి రెండుకి ఒకటి, మొత్తం 18. తర్వాత క్రెస్ట్‌లు హంటర్‌తో కలిపి 7 ఉన్నాయా? తర్వాత టూల్స్. ఇక్కడే మోసపోతారు. సిల్క్‌షాట్ మూడు రకాలుగా చేయించుకోవచ్చు గానీ ఒక్కటిగానే లెక్క. క్లా మిర్రర్‌ని క్లా మిర్రర్స్‌గా పెంచుకున్నా రెండోది కాదు.

రాత్రిగూడు
ఎక్కువమంది మర్చిపోయేవి మూడు. మౌంట్ ఫే మీద పిన్‌స్ట్రెస్‌ని గెలిస్తే వచ్చే పిన్ బ్యాడ్జ్, అది మూడో అంకంలోనే. 30 ఫ్లీలూ పోగుచేస్తే ఇచ్చే ఎగ్ ఆఫ్ ఫ్లీలియా. వీవ్‌నెస్ట్ అట్లాలో ఈవా ఇచ్చే సిల్ఫ్‌సాంగ్. ఈవా దగ్గరికి చాలామంది ఒకసారి వెళ్లి ఊరుకుంటారు. మెమరీ లాకెట్లతో క్రెస్ట్‌ల గడులు తెరుస్తూ పోయి మళ్లీ మళ్లీ పలకరించాలి. లాకెట్లకి నేరుగా శాతం లేదు గానీ ఇలా చాటుగా ఒకటి ఉంది.

పట్టుపురుగు77
ఈవా!! ఒక్కసారే వెళ్లా. ఇంకోటి పిన్ బ్యాడ్జే అయి ఉంటుంది.

జాయ్‌స్టిక్_జగ్గు
వంద అయ్యాక నీకూ చేదు మిగిలితే ఇక్కడే క్యూలో నిలబడు. సూదిమొన వెనక.

సూదిమొన
క్యూలో కాస్త ముందుకు జరిగాను. వరస తప్పడం నా తప్పే, పండగ ముందు ఆడాల్సింది. మాస్క్ లెక్క కూడా మూడు వేట్ల మాటతో సర్దుకుంది. ఆరో మాస్క్ దండగన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. షార్డ్‌లదీ అంతే.

కాగ్‌వర్క్ డాన్సర్స్ అనే బాస్‌లతో మళ్లీ ఆడాలని ఉంది. దానికి కొత్త సేవ్ తప్ప దారి లేదు కాబట్టి, ఎటూ మొదలుపెట్టేదే కదా అని స్టీల్ సోల్ తెరిచాను.

మూడుదెబ్బలు
అందులో డెడ్ బగ్స్ పర్స్ ఉండదు, దాని బదులు షెల్ సాచెల్ ఉంటుంది. టూల్స్ లెక్క తప్పిందని కంగారు పడకు.

నీలిబెంచి
లాస్ట్ జడ్జ్ వైపు పోకు. మిస్ట్ దారిన వెళ్లు.

జాయ్‌స్టిక్_జగ్గు
పోతే మాత్రం పేలే ముందు దూరం జరుగు. చచ్చినవాడి చేతిలో సేవ్ ఫైల్ పోయిందని ఇంకో చర్చ మొదలుపెడితే ఎవరం రాం.